దొంగనోటు ఎక్కడ దాక్కుంటుంది? ఉక్కు ప్లేట్ల కథ

కరెన్సీ నోటు గురించి మాట వచ్చినప్పుడు అందరూ చెప్పేది ఒకటే: దొంగలు దించలేనంత కష్టంగా దాన్ని తయారు చేస్తారని. అది సగం నిజం. బ్యాంకుకు కావాల్సింది వెంట్రుకవాసి తేడా లేని లక్షల కాగితాలు. ఆ లక్షల్లో ఒక్కదాన్ని కూడా బయటివాడు తయారు చేయలేకపోవాలి. ఈ రెండు కోరికలకీ పడదు. లక్షల్లో తీయడానికి వీలయ్యే బొమ్మను ఓపికున్న ఎవడైనా తీస్తాడు. ఎవరికీ చేతకానంత నాజూకు చేతిపనిని లక్షల్లో తీయడం బ్యాంకు వల్లా కాదు. రెండు వందల ఏళ్ల కిందట ఈ ముడిని ఉక్కు విప్పింది. ఉక్కు గట్టిది కాబట్టి ఎక్కువ కాలం మన్నిందని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. నా లెక్కలో గట్టితనం చిన్న విషయం. పెద్ద విషయం తెలియాలంటే ముందు రాగితో వచ్చిన తలనొప్పి చూడాలి.

దానికంటే ముందు, అచ్చు పడే తీరు ఒకసారి చూద్దాం. పెడనలో కలంకారీ అద్దకం చూసినవాళ్లకు మామూలు ముద్రణ గురించి చెప్పక్కర్లేదు. చెక్క అచ్చు మీద పైకి తేలిన భాగానికి రంగు అంటుతుంది, అదే బట్ట మీద పడుతుంది. పాతకాలం సీసం అక్షరాలూ, రబ్బరు స్టాంపూ అంతే. నోటు ప్లేటు దీనికి పూర్తిగా తిరగబడ్డ పద్ధతి. ఇక్కడ గీతలు లోహంలోకి దిగి ఉంటాయి. ప్లేటును కాస్త వేడి చేసి మొత్తం సిరా పూస్తారు. తర్వాత గుడ్డతో, ఆఖర్న సుద్దపొడి రాసిన అరచేత్తో పైన ఉన్న సిరానంతా తుడిచేస్తారు. గాడుల్లో ఉన్నది మాత్రం అలాగే మిగులుతుంది. తడిపిన కాగితం పరిచి, దాని మీద ఉన్ని గుడ్డ వేసి, రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు. కాగితం గాడుల్లోకి దిగి సిరాను పట్టుకుని పైకి వస్తుంది. ఆరిన తర్వాత గీత కాగితం మీద గట్టు కట్టినట్టు లేచి ఉంటుంది. దీన్నే ఇంటాగ్లియో అంటారు. కొత్త ఐదు వందల నోటు మీద గాంధీగారి బొమ్మ దగ్గర గోరు పెట్టి గీస్తే తగిలే గరుకు ఇదే.

ఈ పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది. గాడి లోతుగా, వెడల్పుగా ఉంటే ఎక్కువ సిరా పడుతుంది, గీత నల్లగా వస్తుంది. పైపైన గీకితే బూడిద రంగు దారంలా వస్తుంది. అంటే ఒకే సిరాతో వెలుగూ నీడా రెండూ చూపించవచ్చు. మనిషి ముఖం చెక్కడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

పద్దెనిమిదో శతాబ్దం దాకా ఈ పనంతా రాగి మీదే జరిగేది. రాగి మెత్తన, ఉలి సాఫీగా పోతుంది. చిక్కేమిటంటే ముద్రణలో కూడా అది అంతే మెత్తన. ప్రతి కాగితానికీ తుడవడం, నొక్కడం, మళ్లీ తుడవడం. కొన్ని వేల కాగితాలు తీసేసరికి సన్న గీతలు అరిగిపోతాయి. అప్పుడు పాత గీతల మీదే మళ్లీ ఉలి ఆడించాలి, లేదా కొత్త ప్లేటు చెక్కించాలి. ఏది చేసినా పాత నోటుకీ కొత్త నోటుకీ తేడా వస్తుంది. ఒకే పనివాడు ఒకే బొమ్మను రెండోసారి చెక్కినా కనుబొమ మీద గీతల లెక్క మారుతుంది. అందుకే చెలామణిలో ఉన్న అసలు నోట్లలోనే ఒకదానికీ ఇంకోదానికీ పోలిక పూర్తిగా కుదిరేది కాదు. దొంగనోటుకు అంతకంటే మంచి చోటు ఏముంటుంది? అసలు నోట్ల మధ్య తేడాలోనే అది దాక్కునేది. అనుమానపడ్డ దుకాణదారు తన దగ్గరున్న మంచి నోటుతో పోల్చి చూసినా, తేడా కనిపించినంత మాత్రాన ఏదీ తేలేది కాదు.

దీని ఫలితం లండన్‌లో ఘోరంగా కనిపించింది. ఫ్రాన్స్‌తో యుద్ధంలో ఖజానా ఖాళీ అవుతుంటే, 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటుకు బంగారం ఇవ్వడం ఆపేసింది. చేతుల్లో బంగారు నాణేలు లేకపోయేసరికి 1 పౌండు, 2 పౌండ్ల చిన్న నోట్లు విడుదల చేయాల్సి వచ్చింది. అంతవరకూ నోటు అంటే వ్యాపారులూ, డబ్బున్నవాళ్లూ మాత్రమే చూసే వస్తువు. ఇప్పుడది కూలీల చేతికీ, సంతలో కూరగాయలమ్మే ఆవిడ చేతికీ వచ్చింది. ఆ నోటు చూస్తే తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, మూలన చిన్న బొమ్మ. కొంచెం చెక్కుడు పని తెలిసినవాడికి దాన్ని దించడం పెద్ద కష్టం కాదు. దొంగనోట్లు వెల్లువెత్తాయి. చట్టం మాత్రం కఠినం: నోటు ఫోర్జరీకి శిక్ష ఉరి. 1797 నుంచి 1821 మధ్య ఈ నేరాల కింద 300 మందికి పైగా ఉరికంబం ఎక్కారు. వాళ్లలో చాలామంది నోటు చెక్కినవాళ్లు కారు, దాన్ని మార్చబోయి పట్టుబడ్డ పేదవాళ్లు. 1819లో జార్జ్ క్రుయిక్‌షాంక్ అనే వ్యంగ్య చిత్రకారుడు నోటు ఆకారంలోనే ఒక బొమ్మ వేశాడు. అందులో పౌండు గుర్తు ఉరితాడుతో చుట్టి ఉంటుంది, వరసగా మనుషులు వేలాడుతుంటారు, కింద సంతకం తలారిది. జనం దాన్ని కొనడానికి ఎగబడ్డారు. మంచి నోటేదో పోల్చుకునేలా అచ్చు వేయడం బ్యాంకుకు చేతకాకపోతే, పోల్చుకోలేనివాడి మెడకు తాడు వేయడం ఏమిటన్నది ఆ రోజుల్లో వీధివీధినా వినిపించిన ప్రశ్న.

జవాబు అట్లాంటిక్ అవతల నుంచి వచ్చింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో న్యూబరీపోర్ట్ అనే రేవు ఊళ్లో 1766లో పుట్టిన జేకబ్ పెర్కిన్స్ కంసాలి దగ్గర పని నేర్చుకున్నాడు. మేకులు తయారు చేసే యంత్రం కనిపెట్టాడు. తర్వాతి జీవితంలో ఆవిరి యంత్రాల మీదా, మంచు తయారు చేసే యంత్రం మీదా ప్రయోగాలు చేశాడు. ఒకచోట నిలకడగా కూర్చునే రకం కాదు. బ్యాంకు నోట్ల మీద అతని దృష్టి పడటానికి కారణం ఉంది. అప్పట్లో అమెరికాలో ఊరికొక బ్యాంకు, బ్యాంకుకొక నోటు. దొంగనోట్ల బెడద అక్కడ ఇంకా ఎక్కువ.

పెర్కిన్స్ పద్ధతి చూడటానికి సులువు, ఆలోచన మాత్రం చాలా లోతైనది. గట్టిపడిన ఉక్కు మీద ఉలి దిగదు. కానీ ఉక్కు గట్టితనం అందులోని కర్బనం మీద ఆధారపడి ఉంటుంది. పైపొరలో కర్బనం తగ్గేలా బట్టీలో ఉంచితే ఉక్కు మెత్తబడుతుంది. అప్పుడు ఒక చిన్న దిమ్మ మీద, అరచేతిలో సగం ఉండే ముక్క మీద, చెయ్యి తిరిగిన పనివాడు నెలల తరబడి కూర్చుని బొమ్మ చెక్కుతాడు. చెక్కడం అయ్యాక మళ్లీ కర్బనం పట్టించి, కాల్చి, నీళ్లలో ముంచి పదును పెడతారు. ఇప్పుడా దిమ్మ రాయిలాంటి గట్టిది. ఇంతవరకూ కొలిమి పని తెలిసిన ఎవరికైనా అర్థమయ్యేదే.

అసలు తెలివి తర్వాతి మెట్టులో ఉంది. మెత్తటి ఉక్కుతో చేసిన చిన్న రోలర్‌ను ఆ గట్టి దిమ్మ మీద విపరీతమైన ఒత్తిడితో ముందుకూ వెనక్కూ దొర్లిస్తారు. దిమ్మలో గాడులుగా ఉన్న బొమ్మ రోలర్ మీద గట్లుగా లేచి వస్తుంది. ఆ రోలర్‌కు కూడా పదును పెట్టి గట్టిపరుస్తారు. ఇక దాన్ని తీసుకెళ్లి మెత్తటి ఉక్కు ప్లేటు మీద దొర్లిస్తే గట్లు మళ్లీ గాడులవుతాయి. మొదటి దిమ్మ మీద పనివాడి ఉలి ఎక్కడ కాస్త వణికిందో, ఆ వణుకుతో సహా దిగుతుంది. ఒకే ప్లేటు మీద పక్కపక్కనే ఎన్నిసార్లయినా దించవచ్చు. ప్లేటు అరిగితే అదే రోలర్‌తో కొత్తది, రోలర్ పాడైతే అదే దిమ్మ నుంచి కొత్త రోలర్. దిమ్మతో నేరుగా అచ్చు వేసే పనే లేదు కాబట్టి అది అరగదు, ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటుంది.

నేను పెద్ద విషయం అన్నది ఇదే. మనిషి చేయి ఒకేఒక్కసారి పడాలి, తర్వాత ప్రతి కాపీ ఆ చేతికి అచ్చుగుద్దినట్టు ఉండాలి. చెలామణిలో ఉన్న పది లక్షల నోట్లలోనూ కంటి కింది ముడత ఒక్కటే గీత, ఒక్కటే వంపు. అసలు నోట్ల మధ్య తేడా పోయింది. దొంగకు దాక్కునే చోటు పోయింది. దొంగ కూడా ఉక్కు మీద చెక్కుకోవచ్చుగా అంటే చెక్కుకోవచ్చు. కానీ అతను చెక్కేది రెండో చేతి పని. పక్కన పెట్టి భూతద్దంతో చూస్తే ముక్కు పక్కన మూడు గీతలున్నచోట నాలుగు కనిపిస్తాయి, అక్కడితో సరి.

ఆ దిమ్మ చెక్కే పని ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడాలి. బొమ్మంతా అద్దంలో చూసినట్టు ఎడమది కుడిగా చెక్కాలి. ఉలి పిడి అరచేతి మధ్య ఆనుతుంది, తోసేది అరచెయ్యి, దారి చూపేది వేళ్లు. వంపు గీత కావాలంటే ఉలిని తిప్పరు. తోలు దిండు మీద పెట్టిన దిమ్మనే నెమ్మదిగా తిప్పుతారు, ఉలి తిన్నగానే పోతుంది. లోహం సన్న పోగుల్లా చుట్టుకుంటూ లేస్తుంది. గాడి అంచున లేచిన గరుకును చిన్న గోకుడు కత్తితో తీసేయాలి, లేకపోతే అక్కడ సిరా చిక్కి గీత మసకబారుతుంది. కోటు చెక్కేటప్పుడు గీతల మీద గీతలు అడ్డంగా వేస్తారు. ఏర్పడిన ప్రతి గడిలోనూ ఒక చుక్క. చెంప దగ్గరికి వచ్చేసరికి గీతలు తెగి పొట్టి పొట్టి ముక్కలవుతాయి, ఇంకా వెలుతురు వైపు వెళ్తే ఉత్త చుక్కలే. అన్నిటికన్నా కష్టం కళ్లు. చుక్క కాస్త పక్కకు పడితే చూపే మారిపోతుంది. నోట్ల మీద మనుషుల ముఖాలు వేయడంలో గౌరవంతో పాటు ఈ లెక్క కూడా ఉంది. పువ్వులో ఒక రేక వంకర పోతే మనం గమనించం. తెలిసిన ముఖంలో పెదవి చివర రవ్వంత మారితే, ఏం మారిందో చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం పసిగడతాం. ఈ విద్య చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. దొంగనోట్ల ముఠాలకు అంత ఓపికున్న పనివాడు దొరకడం అరుదు.

ముఖానికి తోడు ఇంకో కాపలా కూడా పెట్టారు. పెర్కిన్స్‌తో కలిసి పనిచేసిన ఏసా స్పెన్సర్ ఒక లేత్‌ను నోట్ల పనికి మలిచాడు. చక్రాలలో చక్రాలు తిరుగుతూ, లోహం మీద ముగ్గులా అల్లుకునే వలయాల గీతలు గీసే యంత్రం అది. పళ్ల చక్రాల అమరిక ఒక్క పిసరు మార్చితే ముగ్గు మొత్తం మారిపోతుంది. ఏ అమరికతో గీశారో తెలియకుండా ఆ ముగ్గును చేత్తో దించడం దాదాపు అసాధ్యం. ఇక రోలర్ పద్ధతిలో దాన్ని ఒకసారి తిరగేస్తే గీత తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. చేత్తో చెక్కేవాడు గీతను చెక్కగలడు, గీతను వదిలేసి దాని చుట్టుపక్కలంతా చెక్కాలంటే చచ్చేచావు. ముఖం మనిషి నైపుణ్యం, ముగ్గు యంత్రం ఖచ్చితత్వం. ఒకే నోటు మీద రెండూ ఉంటే దొంగకు రెండు రకాల గొప్పవాళ్లు కావాలి.

1819లో పెర్కిన్స్ స్పెన్సర్‌నూ, గిడియన్ ఫెయిర్‌మన్ అనే ఎన్‌గ్రేవర్‌నూ, పెట్టెల నిండా యంత్రాలనూ వెంటేసుకుని ఓడెక్కి లండన్ వచ్చాడు. దొంగనోట్లకు విరుగుడు చూపమని అక్కడ ప్రభుత్వం కమిషన్ వేసి ఉంది. అతని నమూనాలు చూసి మెచ్చుకున్నవాళ్లకు లోటు లేదు. అయినా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఒప్పుకోలేదు. కమిషన్‌లో ఉన్న విలియం కాంగ్రీవ్‌కు సొంతంగా వేరే రంగుల ముద్రణ పద్ధతి ఉండటం కూడా వ్యవహారాన్ని ఇరుకున పెట్టింది. రాకెట్లకు పేరుపడ్డ కాంగ్రీవే ఈయన. ఈలోగా 1821లో బ్యాంకు మళ్లీ బంగారం చెల్లించడం మొదలుపెట్టింది, చిన్న నోట్లు చెలామణి నుంచి తప్పుకున్నాయి, తొందర తీరిపోయింది. పెర్కిన్స్ మాత్రం వెనక్కి వెళ్లలేదు. చార్లెస్ హీత్ అనే ఆంగ్ల ఎన్‌గ్రేవర్‌తో కలిసి కంపెనీ పెట్టి, ఇతర బ్యాంకులకు నోట్లు వేసి పెడుతూ అక్కడే స్థిరపడ్డాడు.

ఆ పద్ధతి సత్తా ప్రపంచానికి తెలిసింది నోటుతో కాదు, తపాలా బిళ్లతో. 1840లో వచ్చిన మొట్టమొదటి స్టాంపు పెన్నీ బ్లాక్ ఆ కంపెనీ పనే. హీత్, అతని కొడుకు ఫ్రెడరిక్ కలిసి విక్టోరియా రాణి తలను ఒక దిమ్మ మీద చెక్కారు. రోలర్‌తో దాన్ని ఒక్కో ప్లేటు మీద 240 సార్లు దించారు. 11 ప్లేట్లతో దాదాపు 6 కోట్ల 80 లక్షల బిళ్లలు అచ్చయ్యాయి. లెక్క కడితే సగటున ప్లేటుకు పాతిక వేల షీట్లు. మొదటి ప్లేటుకు పదును పెట్టకుండానే పనిలోకి దింపారు. అది త్వరగా అరిగి, గీతలు సరిచేసుకోవాల్సి వచ్చింది. దాంతో తర్వాతి వాటికి పదును పెట్టాకే ముద్రించారు. ఉక్కు గట్టితనం విలువ ఏమిటో ఆ ఒక్క ప్లేటు చాలు చెప్పడానికి.

అమెరికాలో కథ ఇంకో మలుపు తిరిగింది, దీన్ని చాలామంది వదిలేస్తారు. రోలర్‌తో బొమ్మను ఎన్నిసార్లయినా దించవచ్చు కదా, నోట్ల కంపెనీలు ఆ సౌలభ్యాన్ని మితిమీరి వాడుకున్నాయి. రైలు బండి, కొడవలి పట్టుకున్న అమ్మాయి, ఓడ, గద్ద. ఇలాంటి బొమ్మల దిమ్మలు సరుకులా నిల్వ చేసుకుని, ఏ బ్యాంకు అడిగినా అందులోంచే ఏరి పెట్టేవి. ఒకే రైలు బొమ్మ పది బ్యాంకుల నోట్ల మీద కనిపించేది. అంతర్యుద్ధానికి ముందు అక్కడ దాదాపు 1,600 బ్యాంకులు వేల రకాల నోట్లు విడుదల చేస్తుండేవి. దొంగలకు ఇప్పుడు చెక్కే పనే తప్పింది. దివాలా తీసిన బ్యాంకు నోటు మీద పేరు గోకేసి, నడుస్తున్న బ్యాంకు పేరు వేస్తే సరి. బొమ్మ అసలుదే, గీత అసలుదే. మూతపడ్డ కంపెనీల ప్లేట్లు సైతం చేతులు మారి దొంగల దగ్గరికి చేరేవి. ఏ నోటు మంచిదో, ఏది కాదో చెప్పే పత్రికలు అచ్చయ్యేవి, వ్యాపారులు గల్లాపెట్టె పక్కన వాటిని పెట్టుకునేవాళ్లు. ఒకే మూలబొమ్మ నుంచి వేల నకళ్లు తీసే పద్ధతి, ఆ మూలబొమ్మ ఒక్కరి అదుపులోనే ఉన్నప్పుడు పనిచేస్తుంది. 1858లో ఏడు కంపెనీలు కలిసి అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ అయ్యాయి. 1860ల్లో ప్రభుత్వం తన సొంత నోట్లు తెచ్చి, చెక్కడం, ముద్రణ కూడా క్రమంగా ఖజానా శాఖలోకే తెచ్చుకుంది. అప్పటికి గానీ ఈ గందరగోళం సద్దుమణగలేదు.

ఈ మధ్యలోనే కెమెరా వచ్చింది. చెక్కడం రానివాడికి కూడా గీతను గీతగా పట్టుకునే సాధనం దొరికింది. విరుగుడుగా రంగు వచ్చింది. అప్పటి ఫొటోకు నలుపూ తెలుపే తెలుసు. నల్ల గీతల కింద చెరగని ఆకుపచ్చ సిరా వేస్తే, ఫొటోలో రెండూ కలిసిపోయి నల్లగా పడేవి. కెనడాలో రసాయన శాస్త్రజ్ఞుడు థామస్ స్టెరీ హంట్ తయారు చేసిన క్రోమియం ఆకుపచ్చ రంగు ఈ పనికి సరిగ్గా సరిపోయింది. అమెరికా నోటు ఆకుపచ్చగా మారడానికి మూలం అక్కడుంది.

ఉక్కు గీతకు దూరంగా ఉన్నవాళ్లకు ఏమైందో కూడా చరిత్ర చూపించింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1855లో చెక్కుడు ప్లేట్లు వదిలేసి, పైకి తేలిన అచ్చుతో ముద్రించే పద్ధతికి మారింది. కాగితం, అందులోని నీటిగుర్తు (వాటర్‌మార్క్) చాలు కాపలా అనుకుంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలతో ఉండే ఆ పెద్ద నోట్లు దాదాపు వందేళ్లు అలాగే నడిచాయి. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలోని యూదు ఖైదీల చేత వాటినే అచ్చు వేయించారు. ముఖ విలువలో 13 కోట్ల పౌండ్ల పైమాటే. గుడ్డపీచు కాగితం, నీటిగుర్తు కుదిరాక మిగిలింది నల్ల అక్షరాలే. బ్యాంకు 1943లో 10 పౌండ్లు, అంతకు పైబడ్డ నోట్ల విడుదల ఆపేయాల్సి వచ్చింది. ఆ నోటు మీద చెక్కిన ముఖం ఉండి ఉంటే పని పూర్తిగా ఆగేదని అనను. ఆ శిబిరంలో ఉన్నవాళ్లు మామూలు పనివాళ్లు కారు. కానీ అంత జోరుగా మాత్రం సాగేది కాదు.

ఇంకో రకం దెబ్బ 1925లో లిస్బన్‌లో తగిలింది, నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది అదే. ఆల్వెస్ దోస్ రీస్ అనే పోర్చుగీసు పెద్దమనిషి నోటు చెక్కలేదు, ప్లేటు దొంగిలించలేదు. బ్యాంక్ ఆఫ్ పోర్చుగల్ పేరుతో దొంగ కాంట్రాక్టు తయారు చేసి, మనుషుల ద్వారా లండన్‌లో నోట్లు అచ్చు వేసే వాటర్‌లో అండ్ సన్స్ అనే కంపెనీకి పంపాడు. అంగోలా కాలనీకి రహస్యంగా అప్పు ఇవ్వాలి, కాబట్టి ఎవరికీ చెప్పకుండా వాస్కో డ గామా బొమ్మ ఉన్న 500 ఎస్కూడోల నోట్లు 2 లక్షలు వేసి ఇవ్వమని దాని సారాంశం. వాటర్‌లో వాళ్లు నమ్మి, బ్యాంకు కోసం తాము చేసిన ప్లేట్లతోనే అచ్చు వేసి ఇచ్చారు. తర్వాత మరో ఆర్డరు కూడా తీసుకున్నారు. రీస్ ఆ డబ్బుతో సొంత బ్యాంకు తెరిచాడు, బ్యాంక్ ఆఫ్ పోర్చుగల్ వాటాలే కొనడానికి బేరాలు మొదలుపెట్టాడు. నోట్లను ఎంత పరీక్షించినా అసలువే, ఎందుకంటే అవి నిజంగా అసలువే. చివరికి ఒకే నంబరు ఉన్న నోట్లు రెండేసి కనిపించడంతో డిసెంబరులో గుట్టు రట్టయింది. ఏది ముందు అచ్చయినదో, ఏది తర్వాతదో వేరుచేయడం అంత సులువు కాకపోవడంతో, బ్యాంకు ఆ రకం నోటునే వెనక్కి తీసుకుని, తెచ్చినవాళ్లకు మార్పిడి చేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత కోర్టు గొడవ ఇంకా బాగుంటుంది. బ్యాంకుకు జరిగిన నష్టం ఎంత? నోట్లు అచ్చు వేసే ఖర్చా, వాటి ముఖ విలువా? కేవలం కాగితాలే కదా, మళ్లీ అచ్చు వేసుకుంటే పోయేదని వాటర్‌లో కంపెనీ వాదన. అప్పట్లో బ్రిటన్‌లో ఆఖరి కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లిన ఆ కేసులో 1932లో న్యాయమూర్తులు ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు నిలిచి, వాటర్‌లో కంపెనీ 6 లక్షల పౌండ్లకు పైగా చెల్లించాలన్నారు. డబ్బంటే ఏమిటనే ప్రశ్నను ఒక ముద్రణాలయం బిల్లు మీద తేల్చిన తీర్పు అది.

ఇదే వాటర్‌లో అండ్ సన్స్ మన హైదరాబాద్ సంస్థానానికీ నోట్లు వేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కొరత వచ్చి నాణేలు కరువైతే, నిజాం ప్రభుత్వం 1918లో కరెన్సీ చట్టం చేసి 10, 100 రూపాయల నోట్లు తెచ్చింది. మరుసటి ఏడాది 1, 5 రూపాయలవి, 1926లో 1,000 రూపాయల నోటు వచ్చాయి. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగులోనూ విలువ రాసి ఉండేది. నాసిక్‌లో ఇండియా సెక్యూరిటీ ప్రెస్ ఏర్పడ్డాక హైదరాబాద్ నోట్ల ముద్రణ కూడా అక్కడికే మారింది. బ్రిటిష్ ఇండియా నోట్లు 1861 చట్టంతో మొదలైనప్పటి నుంచీ ఇంగ్లండ్‌లో అచ్చయి ఓడల్లో వచ్చేవి. మొదటి విక్టోరియా బొమ్మ నోట్లను దొంగనోట్ల బెడదతోనే ఉపసంహరించి, 1867లో కొత్తవి తేవాల్సి వచ్చింది. నాసిక్‌లో నోట్ల ముద్రణ 1928లో మొదలైంది.

ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో యంత్రాలు మారాయి. తడి కాగితంతో ఒక పేచీ ఉంది. ఆరేటప్పుడు అది సమంగా కుంచించుకుపోదు, దాంతో రెండు వైపుల బొమ్మలు సరిగ్గా కుదరవు, కోత కూడా తేడా వస్తుంది. అమెరికా 1957లో కొత్త యంత్రాలతో పొడి కాగితం మీద ఇంటాగ్లియో మొదలుపెట్టింది. ఇటలీకి చెందిన గ్వాల్తియెరో జోరి రూపొందించిన యంత్రాలు ఒకే ప్లేటు మీద పలు రంగుల సిరాలు వేసి, ఒక్క నొక్కుడులో ముద్రించేలా చేశాయి. రంగులు వేరువేరుగా పడితే వాటి మధ్య సందు కనిపిస్తుంది. ఒకే గీత నడుస్తూ నడుస్తూ తెగకుండా నీలం నుంచి ఆకుపచ్చలోకి మారితే, మామూలు ప్రెస్సులో దాన్ని దించడం కష్టం. మధ్యప్రదేశ్‌లో మన దేవాస్ నోట్ల ముద్రణాలయం వచ్చింది కూడా ఆ తర్వాతే, 1970ల్లో. నోట్ల సిరా తయారీ కూడా అక్కడే ఉంది.

ఈ రోజు ప్లేట్లు పెర్కిన్స్ కాలం నాటి మెత్తటి ఉక్కు మీద తయారు కావడం లేదు. మూలం నుంచి నికెల్‌ను విద్యుత్తుతో పేర్చి ప్లేట్లు తీస్తారు, పైన క్రోమియం పూత వేస్తారు. గీతలు చాలావరకు కంప్యూటర్‌లో గీసి, లేజర్‌తోనో యంత్రంతోనో చెక్కుతారు. చేత్తో ముఖం చెక్కేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే మిగిలారు. ఆ తరంలో అందరికన్నా పేరుపడ్డ చెస్వావ్ స్వానియా పోలండ్‌లో పుట్టి స్వీడన్‌లో స్థిరపడ్డాడు. వెయ్యికి పైగా స్టాంపులు, వాటితో పాటు పలు దేశాల నోట్లకు బొమ్మలు చెక్కి 2005లో కన్నుమూశాడు. యుద్ధకాలంలో పోలండ్ రహస్య ప్రతిఘటన దళం కోసం దొంగ పత్రాలు తయారు చేసిన చెయ్యి కూడా అదే అంటారు.

ఇంటాగ్లియో ఉంటే చాలు, నోటుకు ఢోకా లేదని మాత్రం ఎవరూ అనుకోవద్దు. 1989లో మనీలాలో బయటపడ్డ దొంగ 100 డాలర్ల నోట్లు ఇంటాగ్లియో యంత్రం మీద వేసినవే. అందుకే ఇప్పుడు దారం, రంగు మారే సిరా, నీటిగుర్తు అన్నీ కలిపి వాడతారు. అయినా లేచిన గీతను ఎవరూ వదిలేయలేదు. 1988లో ఆస్ట్రేలియా ప్లాస్టిక్ నోటు తెచ్చినప్పుడు కూడా దాని మీద ఇంటాగ్లియో వేసింది. కారణం చాలా మామూలుది. కలర్ జిరాక్స్ ఎంత బాగా తీసినా కాగితం చదునుగానే ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి యంత్రం అక్కర్లేదు, బొటనవేలు చాలు.

మన 500 నోటునే తీసుకుని కంటికి అడ్డంగా, వెలుతురు వాలేలా పట్టుకుని చూడండి. సూటిగా చూస్తే కనిపించని 500 అంకె ఒకటి ముందువైపు తేలుతుంది. సిరాలో మాయ ఏమీ లేదు. అంకె లోపలి గీతలు ఒక దిశలో, చుట్టూ ఉన్నవి ఇంకో దిశలో లేచి ఉంటాయి. ఏటవాలుగా చూసినప్పుడు ఒక దిశ గట్లు మరో దిశ వాటికంటే ఎక్కువ అడ్డొస్తాయి. జిరాక్స్ కాపీలో గట్లే ఉండవు కాబట్టి అంకె రాదు. అంచుల్లో ఏటవాలు గీతలు తడిమి చూస్తే 500కు ఐదు, 100కు నాలుగు. 200కు కూడా నాలుగే, కాకపోతే వాటి మధ్య రెండు సున్నాలుంటాయి. చూపు లేనివాళ్లు నోటును వేళ్లతో గుర్తుపట్టడానికి 2015 నుంచి ఈ గీతలు వచ్చాయి. 500 నోటు మీద అశోక స్తంభం, గాంధీ బొమ్మ, కుడివైపు గుండ్రటి గుర్తు కూడా చేతికి తగిలేలా ఉంటాయి.

ఇక్కడ రెండు లోట్లున్నాయి. తడిమి గుర్తుపట్టే ఈ గుర్తులు 100, ఆపై నోట్లకే ఉన్నాయి. పాలకూ, ఆటోకూ, టిఫిన్‌కూ చేతులు మారే 10, 20, 50 నోట్లకు లేవు. రెండోది, ప్లేటు ఎంత గట్టిదైనా కాగితం మీద సిరా అరుగుతుంది. చెమట చేతుల్లో, మడతల్లో, రైతుబజారు గోనెసంచి మీద నలిగి నలిగి నోటు నున్నబడిపోతుంది. పాత నోటును వేళ్లతో పోల్చుకోవడం కష్టమని చూపు లేనివాళ్ల సంఘాలు ఎప్పటినుంచో అంటున్న మాట. రిజర్వ్ బ్యాంకు 2020లో మణి అనే మొబైల్ ఆప్ తెచ్చింది. ఫోన్ కెమెరా ముందు నోటు పెడితే ఎంత విలువదో పలికి చెబుతుంది. కానీ అది మంచి నోటో, దొంగనోటో మాత్రం చెప్పదు. ఆ పని ఇప్పటికీ వేళ్లదే.